చీకటే సెట్, వెలుతురే బడ్జెట్: ‘పిచ్ బ్లాక్’ తక్కువ డబ్బుతో ఇంకో గ్రహాన్ని ఎలా చూపించింది

దక్షిణ ఆస్ట్రేలియాలో అడిలైడ్ నుంచి ఉత్తరం వైపు 800 కిలోమీటర్లకి పైగా పోతే కూబర్ పీడీ అని ఒక చిన్న ఊరు వస్తుంది. 1915లో అక్కడ ఓపల్ అనే విలువైన రాళ్ళు దొరికాయి, అప్పట్నుంచి తవ్వుతూనే ఉన్నారు, తవ్విపోసిన మట్టి కుప్పలు ఊరి చుట్టూ పుట్టల్లాగా కనుచూపు మేర ఉంటాయి, పచ్చటి చెట్టు కనపడటమే కష్టం. ఎండాకాలం వేడి తట్టుకోలేక అక్కడి జనంలో చాలామంది గుట్టల్ని తొలిచి నేల లోపలే ఇళ్ళు చేసుకుని ఉంటారు, చర్చిలు కూడా నేల లోపలే ఉన్నాయి. ఆ ఊరి మెయిన్ రోడ్డు పక్కన ఒక స్పేస్‌షిప్ పడి ఉంటుంది, టూరిస్టులు దాని పక్కన నిలబడి ఫోటోలు దిగుతుంటారు. 2000లో వచ్చిన ‘పిచ్ బ్లాక్’ సినిమా కోసం చేసిన ప్రాప్ అది, షూటింగ్ అయ్యాక అక్కడే ఉండిపోయింది. ఎండకి భయపడి మనుషులు నేల కింద ఉండే ఊళ్ళో, వెలుతురికి భయపడి నేల కింద దాక్కునే జంతువుల కథ తీశారు. ఇది కావాలని చేసింది కాకపోవచ్చు గానీ సినిమాకి ఇంతకన్నా సరిపోయే చోటు ఇంకోటి దొరికేది కాదు.

ఈ సినిమా గురించి మాట్లాడేటప్పుడు అందరూ విన్ డీజిల్ దగ్గర మొదలుపెడతారు, ఆయన వేసిన రిడిక్ క్యారెక్టర్ అంత పాపులర్ అయింది కాబట్టి అది సహజమే. కానీ సినిమాలో నిజంగా చూడాల్సింది డబ్బు లెక్క. అంటే కలెక్షన్లు కాదు, లేని డబ్బు కథని ఎలా మలిచింది అనేది. ఇందులో కథా బడ్జెట్టూ రెండూ ఒకే సమస్య మీద నడుస్తాయి, చూపించడానికి వెలుతురు ఎంత ఉంది, అది ఎంతసేపు ఉంటుంది అని. (సినిమా చూడని వాళ్ళకి ముందే ఒక మాట, ఇక్కడ క్లైమాక్స్ తో సహా మొత్తం కథ వస్తుంది.)

బడ్జెట్ 23 మిలియన్ డాలర్లు. అప్పటి రేటులో దాదాపు 100 కోట్ల రూపాయలు, మన లెక్కలో చిన్న మొత్తమేం కాదు, కానీ హాలీవుడ్ లో స్పేస్ సినిమాకి అది చాలా తక్కువ. అదే 2000లో ఇంకో గ్రహం మీద జరిగే సినిమాలు ఇంకో రెండు వచ్చాయి, రెండూ అంగారకుడి మీదే. ‘మిషన్ టు మార్స్’ కి 100 మిలియన్ల దాకా ఖర్చుపెట్టారు, ‘రెడ్ ప్లానెట్’ కి 80 మిలియన్లు. రెడ్ ప్లానెట్ కొంత భాగం ఇదే కూబర్ పీడీలో తీశారు, అదే ఎడారి, అదే ఎర్ర మట్టి, మూడు రెట్లకి పైగా డబ్బు, చివరికి ప్రపంచం మొత్తం మీద 33 మిలియన్ల దగ్గర ఆగిపోయింది. పిచ్ బ్లాక్ 53 మిలియన్లు తెచ్చింది. అందులో సగం దాకా థియేటర్లకే పోతుంది కాబట్టి ఇది బ్లాక్‌బస్టర్ ఏం కాదు, కానీ తర్వాత డీవీడీల్లో బాగా ఆడింది, ఇవాళ ఆ మూడింట్లో జనం మళ్ళీ మళ్ళీ చూసేది దీన్నే.

డైరెక్టర్ డేవిడ్ టూహీ. ఆయన అంతకుముందు రైటర్ గా పేరు తెచ్చుకున్నాడు, 1993లో వచ్చిన ‘ద ఫ్యుజిటివ్’ రాసిన వాళ్ళలో ఒకడు, 1995లో వచ్చిన ‘వాటర్‌వరల్డ్’ కి కూడా రాశాడు. ఆ వాటర్‌వరల్డ్ అప్పటిదాకా తీసిన సినిమాలన్నిట్లోకీ ఖరీదైనదిగా పేరుమోసింది, సముద్రం మీద సెట్లు వేసి 175 మిలియన్ల దాకా పోశారు. అంత ఖర్చు ఉన్న సినిమాకి రాసిన మనిషి ఐదేళ్ళ తర్వాత అందులో ఏడో వంతు డబ్బుతో ఏకంగా ఒక గ్రహాన్ని చూపించాలి. కథ మొదట రాసింది జిమ్ వీట్, కెన్ వీట్ అనే అన్నదమ్ములు, తర్వాత టూహీ చెయ్యి పడింది.

కథ చెప్పాలంటే రెండు నిమిషాల పని. హంటర్-గ్రాట్జ్‌నర్ అనే షిప్ జనాన్నీ సరుకునీ వేసుకుని పోతుంటుంది, అందరూ గడ్డకట్టిన నిద్రలో ఉంటారు, ఒక తోకచుక్క వెనకాల వదిలిన రాళ్ళ ముక్కలు బుల్లెట్లలాగా షిప్ లోంచి దూసుకుపోతాయి, కెప్టెన్ నిద్రలోనే చచ్చిపోతాడు. మిగిలిన పైలట్ ఫ్రై (రాడా మిచెల్) ఎలాగో ఒక గ్రహం మీద దించుతుంది, దించడం కాదు పడేస్తుంది. బతికిన వాళ్ళు ఒక గుప్పెడు మంది. హజ్ కి పోతున్న ఒక ఇమామ్, ఆయన వెంట ముగ్గురు కుర్రాళ్ళు, పాత వస్తువులు అమ్ముకునే పారిస్ అనే వ్యాపారి, షాజా అనే సెట్లర్, జాక్ అనే పిల్లాడు, జాన్స్ అనే పోలీసు లాంటోడు, వాడు పట్టుకెళ్తున్న ఖైదీ రిడిక్. ఆ గ్రహానికి మూడు సూర్యులు, అందుకని రాత్రి అనేదే లేదు. నడుచుకుంటూ పోతే పాతకాలపు క్యాంప్ ఒకటి దొరుకుతుంది, భూగర్భ పరిశోధకులు వదిలేసి పోయింది, అందులో చిన్న విమానం లాంటిది కూడా ఉంది, పవర్ సెల్స్ పెడితే ఎగురుతుంది. మరి ఆ పరిశోధకులు దాన్ని ఎక్కి ఎందుకు పోలేదు? అక్కడే ఉన్న గ్రహాల నమూనాని ఫ్రై చేత్తో తిప్పుతుంది, అప్పుడు విషయం తెలుస్తుంది. 22 ఏళ్ళకోసారి ఆ గ్రహానికి పూర్తి గ్రహణం పడుతుంది, మూడు సూర్యులూ ఒకేసారి మాయమవుతాయి, పోయినసారి గ్రహణం పట్టి సరిగ్గా 22 ఏళ్ళయింది.

ఆ నమూనా సీన్ ఒక్కటి చాలు టూహీ ఎంత తెలివిగా ఆలోచించాడో చెప్పడానికి. బల్ల మీద పెట్టుకునే ఒక బొమ్మ, దాన్ని తిప్పే చెయ్యి, చూస్తున్న మొహం, అంతే. డైలాగులు కూడా పెద్దగా లేవు. పెద్ద సినిమా అయితే ఇదే సమాచారానికి గాల్లో హోలోగ్రామ్ తేల్చి, ఒక శాస్త్రవేత్త చేత రెండు నిమిషాలు చెప్పించేవాళ్ళు.

ఇప్పుడు వెలుతురు సంగతికి వద్దాం, ఇదే సినిమాకి గుండెకాయ. మూడు సూర్యులు ఉన్న ఆకాశాన్ని ఎలా చూపించాలి? కూబర్ పీడీ ఆకాశంలో ఉన్నది మనందరికీ తెలిసిన ఒక్క సూర్యుడే. టూహీ, కెమెరామెన్ డేవిడ్ ఎగ్‌బీ (1979లో వచ్చిన మొదటి ‘మ్యాడ్ మ్యాక్స్’ కి కెమెరా ఈయనదే, ఆస్ట్రేలియా ఎండ ఎలా ఉంటుందో ఈయనకి కొత్తగా చెప్పక్కర్లేదు) కలిసి ఆకాశాన్ని కాకుండా నేలని మార్చారు. పసుపు సూర్యులు ఉన్నప్పుడు ఫ్రేమ్ మొత్తం మాడిపోయిన పసుపు, అవి దిగి నీలం సూర్యుడు ఎక్కినప్పుడు మొత్తం చల్లటి నీలం, మనుషుల చర్మం కూడా రంగు మారిపోతుంది. సూర్యుణ్ణి చూపించాల్సిన పనే లేదు, ఆ ఎండ మొహం మీద ఎలా పడుతుందో చూపిస్తే చాలు, చూసేవాడి బుర్ర మిగతాది అదే నింపుకుంటుంది. అప్పుడప్పుడూ ఒక వైడ్ షాట్ లో మాత్రం సూర్యుళ్ళని చూపిస్తారు.

దీనికి తోడు బ్లీచ్ బైపాస్ అనే పద్ధతి వాడారు. ఫిల్మ్ రోజుల్లో రీలు ల్యాబ్ లో కడిగేటప్పుడు ఒక దశలో అందులో ఉన్న వెండిని బ్లీచ్ చేసి తీసేస్తారు, రంగులు మాత్రం మిగులుతాయి. ఆ దశని దాటేస్తే వెండి రీలులోనే ఉండిపోతుంది, అప్పుడు నలుపు ఇంకా చిక్కబడుతుంది, తెలుపు పేలిపోయినట్టు ఉంటుంది, మధ్యలో రంగులు వెలిసిపోతాయి. మే నెల మిట్టమధ్యాహ్నం చీకటి గదిలోంచి ఒక్కసారిగా వీధిలోకి వస్తే కళ్ళు ఎలా చిట్లిస్తామో ఈ సినిమా మొదటి సగం మొత్తం అలా ఉంటుంది. కొత్తగా సెట్ వెయ్యలేదు, కంప్యూటర్ లో కొండలు గియ్యలేదు, ల్యాబ్ లో ఒక మెట్టు తగ్గించారు, భూమి మీద ఎడారి కాస్తా ఇంకెక్కడిదో అయిపోయింది. 2000లో వచ్చిన గ్రాఫిక్స్ చాలా వరకు ఇవాళ చూస్తే పాతబడిపోయి కనిపిస్తాయి, ఈ ఎండ మాత్రం అలాగే ఉంది, ఎందుకంటే అది నిజం ఎండ.

షిప్ కూలిపోయే సీన్ కూడా ఇదే పద్ధతి. కెమెరా ఎక్కువసేపు ఫ్రై కూర్చున్న కాక్‌పిట్ లోనే ఉంటుంది, లివర్లు లాగడం, అరుపులు, అద్దం పగలడం, మొహానికి గాలీ మట్టీ కొట్టుకోవడం. షిప్ బరువు తగ్గించడానికి వెనక కంపార్ట్‌మెంట్లు ఒక్కోటి వదిలేస్తూ పోతుంది, అవి అయిపోయాక మిగిలింది మనుషులు నిద్రపోతున్న క్యాబిన్. దాన్ని కూడా వదిలేయడానికి లివర్ మీద చెయ్యేస్తుంది, తోటి ఉద్యోగి తలుపుకి అడ్డం పడి ఆపుతాడు, లేకపోతే వదిలేసేదే. బయట మంటల్లో షిప్ ని నాలుగు వైపుల నుంచి చూపించి ఉంటే గ్రాఫిక్స్ బాగున్నాయి అని మాత్రమే అనుకునేవాళ్ళం. లోపల ఉండటం వల్ల ఆ లివర్ మీద చెయ్యి గుర్తుంటుంది, సినిమా చివరి దాకా ఆ చెయ్యి గురించే కథ.

సరిగ్గా సగంలో గ్రహణం పడుతుంది. వలయాలున్న ఒక పెద్ద గ్రహం అంచు పైకి లేస్తుంది, సూర్యుళ్ళు ఒక్కోటి దాని వెనక్కి పోతాయి, అప్పటిదాకా కొండ కొమ్ముల్లా కనపడ్డ పెద్ద పెద్ద పుట్టల్లోంచి గబ్బిలాల గుంపులాగా ఏవో లేస్తాయి, బయట ఉన్న షాజా ఒక్క క్షణం ముందు లేచి పరిగెత్తబోతుంది, అంతే గాల్లోకి పోతుంది. సినిమాలో ఎక్కువ గ్రాఫిక్స్ ఖర్చు కనిపించేది ఇక్కడే, దాచుకున్న డబ్బంతా ఈ సీన్ కోసమే అనిపిస్తుంది, ఆ ఖర్చు దండగ కాలేదు. ఆ తర్వాత తెర నల్లబడిపోతుంది, ఇక్కడి నుంచి సినిమా ఇంకో సినిమా.

ఇంతకుముందు ఎండ ఎంత ఉచితంగా దొరికిందో ఇప్పుడు వెలుతురు అంత ఖరీదైపోతుంది. ఆ జంతువులకి వెలుతురు తగిలితే చర్మం కాలిపోతుంది, అందుకని దీపం చుట్టూ ఉన్న చిన్న వలయంలో ఉన్నంతసేపే మనిషి మనిషిగా ఉంటాడు. పవర్ సెల్స్ కూలిపోయిన షిప్ దగ్గర ఉన్నాయి, విమానం క్యాంప్ దగ్గర ఉంది, మధ్యలో చీకటి, ఆ సెల్స్ ని బండి మీద పెట్టుకుని లాక్కుంటూ పోవాలి. లైట్ ట్యూబులు ఒంటికి చుట్టుకుంటారు, పారిస్ దాచుకున్న మందు సీసాలకి ఒత్తి పెట్టి దివిటీలు చేస్తారు. ప్రతి సీన్ లో ఎంత వెలుతురు మిగిలింది అనేది లెక్క. ట్యూబులు పోతే దివిటీలు, వాన పడి దివిటీలు ఆరిపోతే చివరికి గుహలో మెరుస్తున్న పురుగుల్ని సీసాలో నింపుకుని నడవడం. జీతం అయిపోతున్న కొద్దీ నెలాఖరుకి ఇంట్లో లెక్కలు ఎలా బిగుసుకుంటాయో అలా బిగుసుకుంటుంది సినిమా. ప్రొడక్షన్ కి కూడా ఇదే కలిసొచ్చింది, చీకట్లో సెట్ కనపడక్కర్లేదు, జంతువుని పూర్తిగా చూపించక్కర్లేదు, దీపం ఎంత మేర పడుతుందో అంతే కట్టుకుంటే సరిపోతుంది. చాలా తక్కువ బడ్జెట్ హారర్ సినిమాలు చీకటిని వాడతాయి, కానీ అక్కడ చీకటి లోపాల్ని కప్పే దుప్పటి మాత్రమే. ఇక్కడ చీకటి ఎందుకు వచ్చిందో గ్రహాల కదలికతో సహా కథలో కారణం ఉంది, అందుకే ఎక్కడా మోసం చేస్తున్నట్టు అనిపించదు.

పారిస్ చావు దీనికి మంచి ఉదాహరణ. వాడు పిరికోడు, భయంతో గుంపులోంచి పాక్కుంటూ పక్కకి పోతాడు, పోతూ లైట్లకి కరెంటు ఇచ్చే తీగని లాగేస్తాడు, అందరి లైట్లూ పోతాయి. చిమ్మచీకట్లో ఒంటరిగా మిగులుతాడు. చేతిలో సీసా ఉంది, ఒక గుక్క నోట్లో పోసుకుని మంట మీదకి ఊదుతాడు, భగ్గుమని ఒక్క అరసెకను వెలుగు వస్తుంది. ఆ వెలుగులో కనపడేది తన చుట్టూ అప్పటికే వలయంగా నిలబడ్డ జంతువులు. మళ్ళీ చీకటి. సినిమా మొత్తంలో వీటిని ఇంత స్పష్టంగా చూసేది కొన్ని సార్లే, అందులో ఇది అరసెకను. వెలుతురు కాపాడాల్సింది కదా, ఇక్కడ మాత్రం చావు ఎంత దగ్గరగా ఉందో చూపించి పోయింది.

జంతువుల డిజైన్ ప్యాట్రిక్ టాటొపౌలోస్ ది. సుత్తి ఆకారం తల ఉన్న సొరచేప లాగా వాటి తల రెండు పక్కలకీ సాగి ఉంటుంది. అవి గబ్బిలాల్లాగా శబ్దంతో చూస్తాయి, టకటకమని చప్పుడు చేసి అది తిరిగొచ్చే తీరుని బట్టి ఎదురుగా ఏముందో తెలుసుకుంటాయి, అందుకే చీకటి సీన్లలో చెవులు పనిచేసినంత కళ్ళు పనిచెయ్యవు, ఈ సినిమాని హెడ్‌ఫోన్స్ పెట్టుకుని చూడటం వేరే అనుభవం. తల ఆకారం అలా ఉండటం వల్ల సరిగ్గా మూతి ముందు ఒక సందు వాటికి కనపడదు. రిడిక్ అది కనిపెట్టి ఒకదాని మొహానికి ఆనుకుని నిలబడి, అది అటు ఊగితే అటు, ఇటు ఊగితే ఇటు తనూ ఊగుతాడు. డిజైన్ అంటే భయంకరంగా గియ్యడం కాదు, ఆ ఒళ్ళు ఎలా బతుకుతుందో ఆలోచించి గియ్యడం, అలా గీస్తే ఇలాంటి సీన్ దానంతటదే పుడుతుంది.

గ్రాఫిక్స్ చేసిన కంపెనీ గురించి ఒక మాట చెప్పాలి. డబుల్ నెగటివ్ అని 1998లో లండన్ లో ఒక చిన్న టీమ్ తో మొదలైంది, వాళ్ళ మొట్టమొదటి సినిమా ఇదే. తర్వాత అదే కంపెనీ ‘ఇన్‌సెప్షన్’, ‘ఇంటర్‌స్టెల్లార్’ లకి ఆస్కార్ కొట్టింది, 2021లో వచ్చిన ‘డ్యూన్’ కి కూడా కొట్టింది. ముంబైలో పుట్టిన ప్రైమ్ ఫోకస్ వాళ్ళు 2014లో దాన్ని కలుపుకున్నారు, ఇవాళ డీనెగ్ అనే పేరుతో ఉంది, ముంబై చెన్నై ఆఫీసుల్లో మన కుర్రాళ్ళు కూడా హాలీవుడ్ షాట్లు చేస్తున్నారు. డ్యూన్ లో ఇసుక గ్రహాన్ని చూసి ఆశ్చర్యపోయిన వాళ్ళు, ఆ చేతులు మొదట నేర్చుకున్న ఎడారి ఇదే అని ఒకసారి వెనక్కి వచ్చి చూస్తే బాగుంటుంది.

ఇక రిడిక్. జైల్లో ఉండగా చీకట్లో చూడటానికి కళ్ళకి ఆపరేషన్ చేయించుకున్నాడని కథలో చెప్తారు. రాత్రి టార్చి వేస్తే పిల్లి కళ్ళూ పశువుల కళ్ళూ మెరుస్తాయి కదా, కంటి వెనక అద్దం లాంటి పొర ఉండి వచ్చిన వెలుతురుని ఇంకోసారి వాడుకుంటుంది కాబట్టి అలా మెరుస్తాయి, రిడిక్ కళ్ళు కూడా అలాగే మెరుస్తాయి. దీనికి అయ్యింది కాంటాక్ట్ లెన్సులూ, ఒక జత నల్ల గాగుల్సూ. సూపర్ హీరోకి పవర్ ఇవ్వడానికి ఇంతకన్నా తక్కువ ఖర్చు ఉండదేమో. కానీ కథలో అది సరిగ్గా కూర్చుంది, ఎండలో అందరూ మామూలుగా ఉంటే వాడొక్కడే కళ్ళు మూసుకోవాలి, చీకటి పడ్డాక అందరూ గుడ్డివాళ్ళు, వాడొక్కడికే దారి కనపడుతుంది. అప్పటిదాకా గొలుసులేసి కట్టేసిన వాడి వెనకే గ్రహణం పట్టాక అందరూ నడవాల్సి వస్తుంది. విన్ డీజిల్ కి అప్పటికి పెద్ద పేరు లేదు, ‘సేవింగ్ ప్రైవేట్ ర్యాన్’ లో ఒక చిన్న పాత్ర, ‘ద ఐరన్ జెయింట్’ కి గొంతు. ‘ద ఫాస్ట్ అండ్ ద ఫ్యూరియస్’ రావడానికి ఇంకో ఏడాది ఉంది. స్టార్ లేకపోవడం కూడా సినిమాకి లాభమే అయింది, పోస్టర్ మీద తెలిసిన మొహం ఉంటే ఎవడు బతుకుతాడో ముందే తెలిసిపోతుంది, ఇక్కడ ఎవరికీ గ్యారంటీ లేదు. జాన్స్ పోలీసు కాదని తేలుతుంది, డబ్బుకి ఖైదీల్ని పట్టిచ్చేవాడు, పైగా తుపాకీ తూటాల్లో మార్ఫిన్ దాచుకుని ఎక్కించుకుంటుంటాడు. జాక్ పిల్లాడు కాదని, ఆడపిల్లని తేలుతుంది, రక్తం వాసనకి జంతువులు వస్తున్నాయని తెలిశాక ఆ పిల్లని ఎరగా వేద్దాం అని రిడిక్ తో బేరం పెట్టేది ఖైదీ కాదు, ఆ జాన్సే.

కానీ అసలు కథ ఫ్రైది, ఇది చాలామంది మర్చిపోతారు. మొదట్లో ఆ లివర్ మీద చెయ్యేసినప్పుడు, వాళ్ళ కోసం నేనెందుకు చావాలి అన్న మనిషి. కూలిపోయాక బతికిన వాళ్ళంతా కాపాడావమ్మా అని కళ్ళతో దండం పెడుతుంటారు, లోపల జరిగింది ఆవిడకి తెలుసు. క్లైమాక్స్ లో రిడిక్ విమానం ఎక్కేసి, నువ్వు కూడా వచ్చెయ్, మిగతా వాళ్ళని వదిలేద్దాం అంటాడు. అంటే మళ్ళీ అదే లివర్, అదే క్యాబిన్. ఈసారి వాన, బురద, అలసట, ఆవిడ ఒక్క క్షణం నిజంగానే ఎక్కబోతుంది, ఆ తడబాటుని దాచకుండా చూపించడం టూహీ నిజాయితీ. తర్వాత వెనక్కి తిరిగి వాళ్ళ కోసం చస్తాను అంటుంది, అన్నట్టే చస్తుంది, కాకపోతే ఇమామ్, జాక్ ల కోసం కాదు, వాళ్ళని చేర్చాక గాయపడి చీకట్లో మిగిలిన రిడిక్ కోసం వెనక్కి వచ్చి. తన కోసం ఒకరు చావడం అనేది రిడిక్ కి అర్థం కాని విషయం, ఆవిడ పోయినప్పుడు వాడు పెట్టే అరుపులో అదే వినిపిస్తుంది. కోట్లు పోసిన చాలా స్పేస్ సినిమాల్లో ఇలా మొదటి పది నిమిషాల్లో వేసిన ముడి చివరి పది నిమిషాల్లో విప్పే ఓపిక కనపడదు.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. 22 ఏళ్ళకోసారి మాత్రమే బయటికొచ్చే ఇన్ని వేల జంతువులు మధ్యలో ఏం తిని బతుకుతాయి? పెద్ద పెద్ద ఎముకల మైదానం చూపించి, ఉన్నవన్నీ తినేశాయి అని సూచిస్తారు, ఒకదాన్నొకటి తినడం కూడా చూపిస్తారు, కానీ ఆహారం లెక్క ఎలా చూసినా కుదరదు. గ్రహణం అంతసేపు ఉంటుందా అనేది ఇంకో ప్రశ్న, ఇది మాత్రం అనుకున్నంత తప్పు కాదు. భూమ్మీద చంద్రుడు సూర్యుణ్ణి పూర్తిగా కప్పేది ఎంత ఎక్కువైనా ఏడున్నర నిమిషాలే. 1980 ఫిబ్రవరి 16న మన ప్రాంతం మీదుగా సంపూర్ణ గ్రహణం పోయింది, ఉస్మానియా వాళ్ళ జపాల్-రంగాపూర్ అబ్జర్వేటరీ సరిగ్గా ఆ దారిలోనే ఉంది, అప్పుడు కూడా పూర్తి చీకటి కొద్ది నిమిషాలే. కానీ అడ్డం వచ్చేది పెద్ద గ్రహం అయితే లెక్క మారిపోతుంది. గురుడి చుట్టూ తిరిగే అయో అనే ఉపగ్రహం గురుడి నీడలో ప్రతిసారీ రెండు గంటలకి పైగానే ఉంటుంది. వలయాల గ్రహం దగ్గర్లో ఉంటే గంటల తరబడి చీకటి పెద్ద వింత కాదు. మూడు సూర్యులూ ఒకే గ్రహం వెనక దాక్కోవడం మాత్రం కథ కోసం ఒప్పుకోవాల్సిందే. మూడు నక్షత్రాల కుటుంబాలు నిజంగానే ఉన్నాయి, మనకి దగ్గర్లో ఉన్న ఆల్ఫా సెంటారీయే అలాంటిది. గ్రహణానికి భయపడే లోకం అనే ఆలోచన సైన్స్ ఫిక్షన్ లో కొత్తది కాదు, 1941లోనే ఐజాక్ అసిమోవ్ ‘నైట్‌ఫాల్’ అనే కథలో ఆరు సూర్యుల గ్రహానికి 2049 ఏళ్ళకోసారి చీకటి తెచ్చాడు. అక్కడ భయం మనుషుల మతి పోగొడుతుంది, ఇక్కడ ఆ చీకట్లో పళ్ళున్నాయి.

దీని తర్వాత ఏం జరిగిందో చూస్తే డబ్బు సంగతి ఇంకా బాగా అర్థమవుతుంది. విన్ డీజిల్ ఈలోపు పెద్ద స్టార్ అయ్యాడు, 2004లో అదే టూహీతో ‘ద క్రానికల్స్ ఆఫ్ రిడిక్’ వచ్చింది, ఈసారి బడ్జెట్ 100 మిలియన్లు దాటేసింది. రాజ్యాలు, సైన్యాలు, జోస్యాలు, భారీ సెట్లు, ఎండకి అన్నీ మాడిపోయే క్రిమేటోరియా అనే గ్రహం కూడా ఉంది. చూడటానికి బాగుంటుంది, కొన్ని ఐడియాలు నిజంగా గొప్పవి, కానీ వచ్చింది 115 మిలియన్ల చుట్టుపక్కల, అంటే నష్టం. మొదటి సినిమాలో రిడిక్ గురించి తెలిసింది చాలా తక్కువ, అదే వాడి బలం. రెండోదాంట్లో వాడికి జాతి, జాతకం, విధి అన్నీ అంటగట్టారు. దేన్ని చూపించాలి దేన్ని దాచాలి అని ఎంచుకోవాల్సిన అవసరం పోయింది, అన్నీ చూపించేశారు. ఇంకా బాధ కలిగించేది ఏంటంటే మొదటి సినిమాలో ఫ్రై ప్రాణం పెట్టి బతికించిన ఇమామ్, జాక్ ఇద్దర్నీ ఇందులో చంపేశారు.

స్టూడియో చేతులు దులుపుకుంది. డీజిల్ మాత్రం వదల్లేదు, 2006లో ‘టోక్యో డ్రిఫ్ట్’ చివర్లో ఒక్క సీన్ లో కనిపించడానికి డబ్బుకి బదులు రిడిక్ హక్కులు అడిగి తీసుకున్నాడు. 2013లో మూడోది ‘రిడిక్’ వచ్చింది, బడ్జెట్ మళ్ళీ 38 మిలియన్లకి దిగింది, సినిమా కోసం సొంత ఇల్లు కూడా తాకట్టు దాకా వచ్చిందని డీజిలే ఇంటర్వ్యూల్లో చెప్పాడు. 98 మిలియన్ల దాకా వచ్చాయి. కథ మళ్ళీ మొదటికి వచ్చింది, పాడుబడ్డ గ్రహం, ఒక చిన్న గుంపు, పవర్ సెల్స్ లాంటి సామాన్ల కోసం బేరాలు, ఆకాశం నుంచి వచ్చే గడువు. ఈసారి గ్రహణం బదులు వాన, తడి తగిలితే బురదలోంచి లేచే జంతువులు, దూరంగా మబ్బు కమ్ముకుంటూ వస్తుంటే అందరికీ టైమ్ దగ్గర పడుతుంటుంది. ఒంటరిగా ఒక కుక్కలాంటి జంతువుని పెంచుకునే మొదటి అరగంట మూడు సినిమాల్లోనూ మంచి భాగాల్లో ఒకటి. కానీ ఈ సినిమా తీసింది మాంట్రియల్ లో, చాలా భాగం స్టూడియో లోపల, ఆకాశం కంప్యూటర్ లో గీసింది. కథ సరిగ్గా దొరికింది, డబ్బు కూడా అంతకే సరిపెట్టుకున్నారు, ఒక్క ఎండ మాత్రం నకిలీది, రాళ్ళ మీద ఆ పసుపు వెలుతురు పడినప్పుడల్లా కళ్ళు చిట్లించాలని అనిపించదు.